తెంపొద్దన్న దారం

కొత్తగా పంతులుద్యోగం వచ్చిన ఆ రోజుల్లో నా కళ్లకు మామూలు వస్తువంటూ ఏదీ కనిపించేది కాదు. చింతగింజ కనిపిస్తే కూడిక, అగ్గిపుల్ల కనిపిస్తే తీసివేత, సోడామూత కనిపిస్తే ఎక్కం. నేను అద్దెకున్న ఇంటావిడ మిద్దె మీద ఎండబెట్టుకున్న మామిడి ఒరుగుల్లోంచి త్రిభుజాలను, చతురస్రాలను వేరుచేసి బడికి పట్టుకుపోయిన ఘనుణ్ణి నేను. (ఆ తర్వాత ఆమె ఏది ఎండబెట్టినా పక్కన ఒక మనిషిని కాపలా పెట్టేది. ఆ కాపలా కాకుల కోసం కాదని వీధంతటికీ తెలుసు.) రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. డీఎస్సీ గట్టెక్కి, గద్వాలకు బస్సులో ముప్పావుగంట దూరంలో ఉన్న ఒక నేతపనివాళ్ల ఊరి ప్రాథమిక పాఠశాలలో చేరాను. రెండు గదులు, ఒక వరండా, ఇద్దరు సార్లం. నాలుగు, ఐదు తరగతులు పెద్దసారువి. ఒకటి, రెండు, మూడు కలిపి నావి. నా గదిలో పిల్లలు నలభై ఎనిమిది మంది. ఈ నలభై ఎనిమిదిని కాస్త గుర్తుంచుకోండి, నా కొంప ముంచింది అదే.

అప్పట్లో ఏటా మండల కేంద్రంలో బోధనోపకరణాల మేళా జరిగేది. ప్రతి బడి నుంచి సార్లు తాము తయారుచేసిన సామగ్రి తెచ్చి బల్లల మీద పరిస్తే, అధికారులు చూసి బహుమతులిచ్చేవారు. మా పక్క ఊరి సారు ఒకాయన అంతకు ముందేడు అట్టతో గోడగడియారం చేసి మొదటి బహుమతి కొట్టాడు. అప్పట్నుంచి ఆయన పేరే గడియారం సారు. బస్సులో నన్ను చూస్తే చాలు, నలుగురూ వినేటట్టు, "ఏం తమ్మీ, ఈయేడు గూడ చింతగింజలేనా? వండుకోనీకన్న పనికొస్తయా అవి?" అని నవ్వేవాడు. ఆ నవ్వు నాకు రాత్రి అన్నంలో కూడా తగిలేది.

మూడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఒక్కచోట కూర్చోదు, గిర్రున తిరుగుతూనే ఉంటుంది కాబట్టి అందరూ గిరక అనేవారు. రెండు రోజులు బడికి రాకపోతే వెతుక్కుంటూ వాళ్లింటికి పోయాను. గుంతమగ్గం మీద ఎవరూ లేరు. మూలన గిరక వాళ్ల అవ్వ రాట్నం తిప్పుతూ కండెలు చుడుతోంది, గిరక పక్కన కూర్చుని దగ్గుతోంది. నేను జ్వరం సంగతి అడగబోయి, మగ్గం వైపు చూసి ఆగిపోయాను. మగ్గం పైనున్న పెట్టెలోంచి పొడవాటి అట్టలు దండలా వేలాడుతున్నాయి. ఒక్కో అట్ట నిండా వరసగా చిల్లులు. ఒక్కో అట్ట చివర సిరాతో ఒక అంకె. చీరలో ఏ పోగు లేవాలో, ఏ పువ్వు విచ్చాలో ఆ చిల్లులే చెబుతాయట. తొక్కుడుచెక్క తొక్కినప్పుడల్లా టక్కుమని ఒక అట్ట ముందుకు తిరుగుతుందట. నాకు పువ్వులు కనపడలేదు. చిల్లులు కనపడ్డాయి. లెక్కపెట్టడానికి తయారుగా, వరసలు కట్టి, దేవుడే నాకోసం పొడిపించి పెట్టినట్టున్న చిల్లులు!

"ఏంది సారూ, మగ్గాన్ని గట్ల మింగేటట్టు చూస్తున్నవు?" అంది అవ్వ.

"అవ్వా, పాత అట్టలు ఏమన్నా ఉన్నాయా? పిల్లలకు లెక్కలు చెప్పడానికి."

"పాతయి ఇంట్ల యాడుంటయి? పని అయిపోతే సావుకారి తీస్కపోతడు. ఉన్నయంటే గవి ఒక్కటే." దూలానికి వేలాడదీసిన అట్టల కట్టను గడ్డంతో చూపించింది. "గవి కొంగు అట్టలు. చీర నడుమ నేసినన్ని దినాలు వాటితోటి పనిలేదు. కొంగు కాడికి వచ్చినంక ఎక్కియ్యాలె."

ఇన్ని మాటల్లో నా చెవికి ఎక్కింది ఒక్కటే: పనిలేదు. రెండు రోజులు ఇవ్వమని బతిమాలాను. మేళా సంగతి చెప్పాను. గడియారం సారు సంగతి కూడా చెప్పాను. (అవ్వకు గడియారం సారుతో ఏం పని? కానీ ఆ రోజుల్లో నేను ఎవరు కనపడితే వారికి ఆయన మీద చాడీ చెప్పేవాణ్ణి.) "మా కొడుకు నూలుకు గద్వాలకు పోయిండు. వాడు రానీ, చూస్త," అంది అవ్వ.

మర్నాడు సోమవారం. గిరక దగ్గుతూనే బడికొచ్చింది, తనకంటే పొడుగున్న కట్టను చంకన పెట్టుకుని. "సారూ, మా అవ్వ ఇచ్చింది. మా నాయినకు చెప్పలే. బేస్తారం పొద్దుగాలకు తేవాల్నంట." ఆపైన పాఠం ఒప్పజెప్పినట్టు అంది: "దారం మాత్రం తెంపొద్దన్నది."

ఈ మాట నేను విన్నాను. స్పష్టంగా విన్నాను. ఇన్నేళ్లుగా ఈ కథను ఎన్నోచోట్ల చెప్పాను గానీ, ఈ మాటను ఎక్కడా చెప్పలేదు. ఇప్పుడు ఈ రాత రాయడం ముఖ్యంగా ఈ మాట కోసమే.

తెంపకూడదనే అనుకున్నాను. కట్ట విప్పి చివరి అట్ట మీది అంకె చూశాను: రెండు వందల నలభై. రెండు వందల నలభైని నలభై ఎనిమిదితో భాగించండి. ఐదు! తలా ఐదు! శేషం సున్నా! జీవితంలో మొదటిసారి నా తరగతి శేషం లేకుండా భాగింపబడుతోంది. ఇది దైవసంకల్పం కాకపోతే మరేమిటి? జేబులోంచి బ్లేడు తీశాను.

"సారూ, తెంపొద్దన్నది మా అవ్వ," అంది గిరక, ఈసారి కొంచెం గట్టిగా.

"మళ్లీ కుట్టేద్దాం లేమ్మా!" అన్నాను. (అప్పటికి నాకు చొక్కా గుండీ కుట్టుకోవడం కూడా రాదు.)

ఆ రోజు నా గదిలో జరిగిన సందడి ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఒకటో తరగతి పిల్లలు చిల్లుల్లో వేళ్లు పెట్టి లెక్కపెడుతున్నారు. రెండో తరగతివాళ్లు రెండు అట్టలు పక్కపక్కన పెట్టి కూడుతున్నారు. మూడో తరగతివాళ్లు "నాది ఎక్కువ, నీది తక్కువ" అని కొట్టుకుంటూ తీసివేతలు నేర్చుకుంటున్నారు. ఒకడు చిల్లులోంచి నన్ను చూసి "సారు చిన్నగైండు!" అని కేక వేశాడు. నేను ఆపే స్థితిలో లేను, గాల్లో ఉన్నాను. బడి వదిలేటప్పుడు ఆ ఊపులోనే, "ఎవరి అట్టలు వాళ్లు ఇంటికి తీసుకుపోయి లెక్కపెట్టి రాసుకురండి!" అని ఇంటిపని ఇచ్చేశాను. మేళాకు చార్టు మీద అంటించడానికి నమూనాగా ఒక అట్ట కావలసి వచ్చి, గిరక ఐదింటిలోంచి ఒకటి నేనే తీసుకున్నాను. దాని మీద అంకె నూట యాభై ఏడు. మంగళవారమంతా ఆ చార్టు పనిలోనే మునిగి, మిగతా అట్టలు వెనక్కి తెప్పించడం మరిచాను.

బుధవారం మేళాలో గిరక చార్టు ముందు నిలబడి, ఆ అట్ట మీది వరసలు వేలితో చూపిస్తూ గడగడా లెక్కలు చెప్పింది. అధికారి స్వయంగా ఒక చిల్లులో వేలు పెట్టి చూసుకున్నాడు. అంతే, మొదటి బహుమతి! చార్టును జిల్లా ప్రదర్శనకు పంపుతామని వాళ్లే ఉంచుకున్నారు. గడియారం సారు నా చెయ్యి పట్టుకుని, "ఏం చేసినవ్ తమ్మీ!" అన్నాడు. మెచ్చుకున్నాడో ఏడ్చాడో తెలియదు. నాకు రెండూ సమ్మతమే.

గురువారం పొద్దున ప్రశంసాపత్రం చేతిలో పట్టుకుని బస్సు దిగేసరికి బడి గేటు దగ్గర గిరక నాయిన నిలబడి ఉన్నాడు. మనిషి నెమ్మదస్తుడు. ఆ రోజు మాత్రం కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సారూ, మా కొంగు అట్టలు యాడున్నయి?"

"ఏమైంది అన్నా?"

"పెండ్లి చీర సారూ. చీర నడుమ నిన్ననే ఒడిసింది. ఎల్లుండి పొద్దుగాల సావుకారి మనిషొస్తడు. ఆయనకు చీర అందకపోతే ఈ జన్మల మళ్ల నాకు పెండ్లి చీర ఇయ్యడు. నూలు ఆయనదే, జరీ ఆయనదే, అట్టలు గూడ ఆయనయే. ఎవరు తీసిండ్రు?"

వెనకే అవ్వ వస్తోంది, కొంగు నడుముకు దోపుకుంటూ. వరండాలో గిరక నిలబడి ఉంది. పెద్దసారు కళ్లద్దాలు సవరించుకుంటున్నాడు. నా చేతిలో ప్రశంసాపత్రం. ఆ ఒక్క క్షణంలో నేను నిజం చెప్పి ఉంటే ఏమయ్యేది? నాలుగు తిట్లు తినేవాణ్ణి, అంతే. కానీ నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు, ఉద్యోగానికి ఏడాది, బహుమతికి ఒక రాత్రి. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"అవ్వ పనికిరానివనుకుని పంపినట్టుంది అన్నా. పొయ్యిలోకి పోతాయేమోనని నేనే జాగ్రత్త చేశాను."

"జాగర్త చేసిన అట్టలు యాడున్నయి మరి?"

"నలభై ఎనిమిది ఇళ్లల్లో," అన్నాను.

అతను తల్లి వైపు తిరిగాడు. "ఏందమ్మా, పనికిరానియి అని ఇచ్చినవా?"

అవ్వ నోరు తెరిచింది. నా వైపు చూసింది. గిరక వైపు చూసింది. మళ్లీ నా వైపు చూసింది. తర్వాత తెరిచిన నోట్లోంచి వేరే మాట వచ్చింది. "ముసల్దాన్నైతి కొడుకా. కండ్లు సరిగ కానొస్తలేవు. ఇచ్చిన." అని వరండాలో చతికిలబడి, రవికెకు గుచ్చుకున్న సూది తీసింది. "ఏం చూస్తుండ్రు పిల్లలూ? ఇండ్లకు ఉర్కుండ్రి. ఒక్కటి గూడ ఇడ్సిపెట్టకుంట తెండ్రి. నేను కుడ్త."

అటు తర్వాత ఊళ్లో జరిగిన వేట ఇంతా అంతా కాదు. ఒక ఇంట్లో అట్టతో పొయ్యి విసురుకుంటున్నారు. ఒక ఇంట్లో పాలగిన్నె మీద మూతగా ఉంది. ఇంకోచోట కుంటి మంచం కోడు కింద నుంచి పెద్దసారు లాగితే మంచం మీది తాత లేచి కూర్చుని ఆయన వంశాన్నంతా తలుచుకున్నాడు. (తాతగారూ, ఆ తిట్లు నావి, ఆయనవి కావు.) ఒక అట్ట మూలను మేక నమిలింది, చిల్లులు మాత్రం మిగిల్చింది, పుణ్యాత్మురాలు. ఒకటో తరగతి బుడ్డోడొకడు ఐదట్టలూ పొట్టకు అదుముకుని, "నేనియ్య! లెక్కవెట్టుడు ఇంక కాలే!" అని ఊరంతా పరుగెత్తించాడు. ఇంటిపని మీద అంత శ్రద్ధ ఉన్న విద్యార్థిని నేను మళ్లీ చూడలేదు.

అట్టలు వచ్చాయి, కానీ కుప్పగా వచ్చాయి. అవ్వ కుట్టాలంటే వరస కావాలి. ఒక్క అట్ట అటూ ఇటూ అయితే కొంగులోని హంస మెడ మీద కాలు మొలుస్తుందని గిరక నాయిన నెత్తి పట్టుకున్నాడు. అప్పుడు పెద్దసారు, ముప్పై ఏళ్ల సర్వీసులో ఎన్నడూ కేక వెయ్యని మనిషి, బడి ఆవరణ మధ్యలోకి వచ్చి, "పెద్ద పిల్లలు ఇరవై నలుగురు బయటికి రాండ్రి! ఒక్కొక్కరు ఒక్కో పది!" అన్నాడు. ఇరవై నలుగురు వరసగా నిలబడ్డారు. "నేను పదిలోపు! నేను ఇరవైలోపు!" అంటూ మొదలైంది. చిన్నపిల్లలు చేతిలో అట్ట పట్టుకుని తమ అంకె ఇల్లెక్కడో వెతుక్కుంటూ పరుగులు. "సారూ, నూట డెబ్బయారు ఇల్లు యాడ?" "ఓ నూటిరవై! నీ పోరడు ఈడున్నడు, తీస్కపో!" "నువ్వు రెండొందల ఆరు గాదే, రెండొందల అరవై అంటవేంది? గంత దాంక లేనే లేవు!" నలభై దాటి లెక్కపెట్టడం రాని పిల్లలు ఆ పొద్దు రెండు వందల నలభై దాకా తమ ఊరి వీధుల్లా తిరిగేశారు. నేను నెలల తరబడి చింతగింజలతో చెప్పలేకపోయిన ఒకట్లు, పదులు, వందలు రెండు గంటల్లో వాళ్ల కాళ్లకు వచ్చేశాయి. నాకు ఒకపక్క భయం, ఒకపక్క ఆనందం. రెండూ ఒకేసారి ఉండొచ్చని ఆ రోజే తెలిసింది. అవ్వ ఒక్కో అట్ట అందుకుని, సూదితో దారం పోసి ముడివేస్తూ, తల ఎత్తకుండా కుట్టుకుపోతోంది.

నూట యాభై ఆరు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. "తర్వాతది?"

తర్వాతది నూట యాభై ఎనిమిది. నడుమ ఖాళీ.

"నూట యాభై ఏడు ఎవరి దగ్గరుందిరా?" అని గట్టిగా అరిచింది నేనే. అరుస్తుండగానే గుర్తొచ్చింది, అది చార్టు మీద అంటుకుని జిల్లాకు పోయిందని. అప్పుడైనా చెప్పాల్సింది. చెబితే, 'జాగ్రత్త చేసిన' అట్ట బంక పూసుకుని మేళాకు ఎలా పోయిందని అడుగుతారు. "వెతకండి! వెతకండి!" అన్నాను. పిల్లలు నిజంగానే వెతికారు, చెత్తకుండీలో, మోరీ కాలవలో, ఒకరి సంచి ఒకరు. చివరికి పెద్దసారు పేరుపేరునా లెక్క తీస్తే అందరూ ఐదేసి తెచ్చారు, గిరక నాలుగే.

"నీ ఐదోది ఏదే?" గిరక నాయిన గొంతు మారింది.

గిరక నా వైపు చూసింది. వేలెత్తి చూపించలేదు. గిర్రున తిరిగే పిల్ల, కదలకుండా నిలబడి చూసింది, అంతే. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

"దాన్నేమనకు," అంది అవ్వ. "పొద్దుగాల పొయ్యిల ఒక అట్ట పెట్టిన. గదే అయ్యుంటది."

గిరక నాయిన ఒక కొత్త అట్ట తెచ్చి, పక్క రెండింటినీ పరచుకుని, నడుమది ఊహించి, మేకుతో సుత్తితో చిల్లులు పొడిచాడు. శనివారం పొద్దున చీర సావుకారి మనిషి చేతికి పోయింది. అది హంసల కొంగు. ఆ ఊహ అట్ట వచ్చిన చోట ప్రతి హంసకూ ముక్కు కొన సన్నగా వంగి, చిలక పోలిక వచ్చింది. "చూసేటోళ్లకు తెల్వదు. నాకు తెలుస్తది," అన్నాడు అతను. పెళ్లివారు ఏమీ అనలేదు. సావుకారి పని మానలేదు. నేను బతికిపోయాను.

బతికిపోయి ఊరుకున్నానా? కథ మండలానికి పాకింది. పొయ్యి పాలు కాబోయిన అట్టలను కాపాడి, బడి పిల్లలతో వరస పెట్టించి, పెళ్లి చీరను నిలబెట్టిన యువ ఉపాధ్యాయుడు! ఉపాధ్యాయ దినోత్సవం నాడు శాలువా కప్పారు. మైకు చేతికిచ్చారు. నేను మైకులో, "పాపం, పెద్దావిడ, చదువు లేదు, వాటి విలువ తెలియక..." అన్నాను. అట్టల విలువ తెలియక! మగ్గం పక్కన పుట్టి, మగ్గం పక్కనే ముసలిదైన మనిషికి! ముందు వరసలో కూర్చున్న అవ్వ, అందరితో పాటు రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత ఊళ్లో ఆమె పేరు పొయ్యవ్వ అయింది. చలికాలంలో కుర్రకారు ఆగి, "పొయ్యవ్వా, కాచుకోనీకి అట్టలున్నయా?" అని అడిగి నవ్వేవాళ్లు. నేను విన్నాను. చార్టు జిల్లా నుంచి తిరిగొచ్చాక నూట యాభై ఏడును జాగ్రత్తగా ఊడదీసి పెట్టె అడుగున దాచాను. బదిలీల్లో వనపర్తి వైపుకు, ఆపైన నాగర్‌కర్నూల్‌కు వచ్చాను. అట్ట నాతోనే వచ్చింది.

మొన్న నాగర్‌కర్నూల్‌లో జరిగిన శిక్షణలో ఒక కుర్ర టీచరు లేచి, బడికీ ఊరికీ ఉండాల్సిన సంబంధం గురించి ఉదాహరణగా ఒక కథ చెప్పాడు. గద్వాల దగ్గర ఎవరో ముసలామె తెలివితక్కువగా అట్టలన్నీ పొయ్యిలో పెట్టబోతే ఒక సారు ఎలా ఆపాడో అభినయించి మరీ చూపాడు. సారు పేరు వాళ్లకు తెలియదు. హాలంతా నవ్వింది. నా పక్కనున్నాయన నన్ను పొడిచి, "నవ్వవేం సార్?" అన్నాడు.

ఆ ఆదివారమే బస్సెక్కాను. వనపర్తి, కొత్తకోట దాటి, గద్వాలలో దిగి, ఆటోలో ఆ ఊరికి. అవ్వకు ఎనభై దాటాయి, రాట్నం లేదు, మంచం ఉంది. లోపల మగ్గం మాత్రం టక్కుటక్కుమంటూనే ఉంది. ఎవరని అడగలేదు. అట్ట చేతిలో పెట్టాను. వేళ్లతో చిల్లుల వెంట ఒకసారి తడిమింది.

"హంస ముక్కు ఇంటికొచ్చిందా?" అంది.

అంతా చెప్పాను. చాలాసేపు చెప్పాను. ఆమె మధ్యలో ఆపింది. "నాకు చెప్తవేంది సారూ, నాకు తెల్వందా? ఆ పొద్దు నీ మీసం వణుకుతుండె. కొత్త కొలువు పిల్లగాడు, పోతే పోనీ అనుకున్న. గిరకకు గూడ చెప్పిన, సారు మాట తియ్యొద్దు అని. అది ఇప్పుడు మానవపాడుల ఇద్దరు పిల్లల తల్లి, ఈ పొద్దుటికి గూడ తియ్యలే." అట్టను ఒళ్లో పెట్టుకుంది. "నా తాన చెప్తే ఏమొస్తది? అప్పుడు మైకుల చెప్పినవ్ గద. ఇది గూడ గట్లనే చెప్పు."

"మైకు ఎవరిస్తారవ్వా ఇప్పుడు? రాస్తాను."

"రాయి. దారం తెంపొద్దన్న అని గూడ రాయి." అట్టను నా మొహం ముందు ఆడించింది. "అవు సారూ, గిన్నేండ్లు దాచుకున్నవు గద, దీనికి బొక్కలెన్ని?"

నలభై ఎనిమిది మంది చేత లెక్కపెట్టించినవాణ్ణి, ఈ ఒక్క అట్టను నేను ఎన్నడూ లెక్కపెట్టలేదు. మంచం పట్టె మీద కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి మొదలెట్టాను. నలభై దగ్గర తప్పాను. "మల్ల మొదటికెళ్లి," అంది అవ్వ, బోసినోటితో. మగ్గం మీంచి గిరక నాయిన పకాలున నవ్వాడు. వేలు కదుపుతుంటే, జేబులో బ్లేడుతో, శేషం సున్నా అని ఎగిరిన ఆ మీసాల కుర్రాడు ఎదురుగా నిలబడ్డట్టే ఉంది. వాడి మీద కోపం రాలేదు, జాలి కూడా రాలేదు. చెవి మెలిపెట్టి దగ్గర కూర్చోబెట్టుకుని ఈ లెక్క వాడి చేత చేయించాలనిపించింది.

రాశాను అవ్వా. దారం తెంపొద్దని నువ్వు చెప్పావు. నేను విన్నాను. విని తెంపాను. చిల్లులు అరవై మూడు, రెండుసార్లు లెక్కపెట్టాను.